అబ్బయ్య తాత సాక్ష్యం

పాస్టర్ గారు ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఇరుక్కుపోయారట. ఇరుక్కోక ఏం చేస్తారు, స్టేడియంలో మ్యాచ్ పెట్టుకున్న శనివారం మధ్యాహ్నం బోడుప్పల్ నుంచి నాచారం రావాలంటే దైవసేవకుడికైనా రెక్కలుండాలి. ఇంకో గంట పడుతుందని శాంసన్ మామ అందరికీ వినబడేలా చెప్పి మళ్ళీ గేటు దగ్గరికి పోయాడు. గంట! అయితే ఇంకో గంటసేపు ఎస్తేర్ ఈ షామియానా కింద, ఈ ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్ళో మడత పెట్టిన కాగితం మీద చెయ్యి వేసుకుని, ఎదురుగా గుయ్యిమంటున్న ఐసు పెట్టెను చూస్తూ కూర్చోవాలి. పెట్టెలో అబ్బయ్య తాత. సొంత తాత కాదు, గల్లీకంతటికీ తాత. పాస్టర్ గారొచ్చి మొదటి పాట పాడించగానే ఆమె లేచి ఆయన జీవిత చరిత్ర చదవాలి. ఈ మందిరం వాళ్ళలో ఎవరు కన్నుమూసినా మట్టికి తీసుకుపోయే ముందు అలా చదువుతారు, ఫలానా ఊళ్ళో జన్మించిరి, ఫలానా ఏట రక్షింపబడిరి, ఇంతమంది బిడ్డలు, ఇంతమంది మనవలు, ప్రభువునందు నిద్రించిరి అని. "ఆయన మీద రీసెర్చ్ చేసింది నువ్వు. నువ్వే సదువాలె," అన్నాడు పొద్దున శాంసన్ మామ, తాతకు ఒక్కగానొక్క కొడుకు, మందిరంలో పెద్ద. చావింట్లో కాదనేదెవరు? రాసింది. రాసి, ఒక్క మాట దగ్గర ఆగిపోయింది. 'యవ్వనమందు సికింద్రాబాదు క్లబ్బులో జాజ్ బ్యాండునందు ట్రంపెట్ వాయించిరి' అని రాసి, వాయించిరి కొట్టేసి, ట్రంపెట్ కొట్టేసి, 'సికింద్రాబాదు క్లబ్బులో పనిచేసిరి' అని దిద్దింది. ఏం తెలివి! బూర ఊదినవాడూ పనిచేసినట్టే, సోడాలు మోసినవాడూ పనిచేసినట్టే, పాము చావకుండా కర్ర విరగకుండా. ఎందుకంటే ఐదేళ్ళు వెతికినా ఆమెకు తేలనిది అదొక్కటే. ఈ పెట్టెలో పడుకున్న మనిషి ఆ క్లబ్బులో స్టేజీ మీద నిలబడి ట్రంపెట్ ఊదాడా, లేక గోడ పక్కన ట్రే పట్టుకుని నిలబడ్డాడా? ఇక అడుగుదామన్నా నోరు లేదు. శవం ముందు నిలబడి అబద్ధం చదవడానికి ఎస్తేర్‌కు ధైర్యం లేదు, నిజమేదో తెలియదు.

ఇదంతా ఆయన సాక్ష్యం దగ్గరే మొదలైంది. దేవుడు తనను ఏ బురదలోంచి పైకి లాగాడో మందిరంలో లేచి నిలబడి చెప్పుకోవడం. ఈ గల్లీలో మాట నేర్చిన ప్రతి మనిషికీ ఒక సాక్ష్యం ఉంటుంది, కల్లు మానినవాళ్ళకు, పేకాట మానినవాళ్ళకు, పెళ్ళాన్ని కొట్టడం మానినవాళ్ళకు. కానీ తాత సాక్ష్యం ముందు అవన్నీ దిగదుడుపే. తెల్ల అంగీ, నూనె పెట్టి వెనక్కి దువ్విన జుట్టు, చేతులు రెండూ గాలిలో. "పాపిని నేను. క్లబ్బుల బూర ఊదేటోణ్ణి. జాజు అంటరు దాన్ని, సైతాను సంగీతం. మొగోళ్ళు ఆడోళ్ళు నడుముల చేతులేసుకొని ఎగురుతుంటే నేను ఊదిన. విస్కీ నీళ్ళ లెక్క తాగిన. ఒకనాడు ప్రభువు పిలిచిండు. గంతే! గా బూరను అంబర్‌పేట బ్రిడ్జి మీదికెల్లి మూసీల ఇసిరేసిన. మళ్ళ ముట్టలే." స్తోత్రం, స్తోత్రం అని మందిరం మోగిపోయేది. ఆడవాళ్ళ వైపు జంపఖానా మీద అమ్మ మోకాలికి ఆనుకుని కూర్చున్న చిన్న ఎస్తేర్‌కు మాత్రం ఒకటే దిగులు, అయ్యో, ఆ పాపం ఒక్కసారి వింటే బాగుండు. పాపం నుంచి తప్పించాలని ఆయన చెప్పింది విని పాపం ఎలా మోగుతుందో తెలుసుకోవాలనుకున్న పిల్ల ఈ గల్లీలో తనొక్కతే అయి ఉంటుంది, ఛీ ఛీ, అమ్మకు తెలిస్తే వీపు విమానం మోతే. హార్మోనియం వినేది, టాంబొరిన్ గలగల వినేది, పెళ్ళి ఊరేగింపు పోతుంటే ఉరికి వెళ్ళి బూర ఊదేవాళ్ళ బుగ్గలు చూసేది. ఇది కాదు, ఇది కాదు అనిపించేది. కాలేజీలో చేరాక, ఉప్పల్ డిపోలో బస్సు కోసం నిలబడినప్పుడు, స్నేహితురాలి ఇయర్‌ఫోన్‌లో మొదటిసారి ఒక ట్రంపెట్ చెవిలో పడింది. ఎవడో ఎక్కడివాడో, చచ్చిపోయి కూడా ఎన్నేళ్ళయిందో, తాళం ముందుకు పోతుంటే వాడు కావాలని వెనకపడి, అలిగినవాడిలా, బతిమాలించుకుని, చివరికొచ్చి కలిశాడు. సైతానుకు ఇంత దుఃఖమా అనుకుంది ఎస్తేర్. బస్సు వచ్చి పోయింది.

అక్కణ్ణుంచి ఇక్కడికి. సికింద్రాబాదులో జాజ్ వాయించినవాళ్ళ బతుకులు, వాళ్ళ ప్రదర్శనలు, అదీ ఆమె పీహెచ్‌డీ. వినడానికి ఎంత బాగుంది! చేసేవాళ్ళకు తెలుస్తుంది బాధ. ఈ వాయించినవాళ్ళంత అనుమానపు మనుషులు ఇంకెక్కడా ఉండరు. ఒకాయన మూడు చోట్ల మూడు పుట్టినరోజులు చెప్పాడు. ఒకాయన బొంబాయిలో గొప్ప హోటల్లో వాయించానన్నాడు, తీరా వెతికితే ఆ హోటలు అప్పటికింకా కట్టనే లేదు. రికార్డులు లేవు, శనివారం సాయంత్రం డాన్సులో వాయించినదాన్ని రికార్డు చేసేదెవరు? ఆ గాలి ఆ సాయంత్రమే పోయింది. మిగిలింది నోటి మాటలు, నోటి మాటల మీద నోటి మాటలు. అలా ఐదేళ్ళు గడిచేసరికి ఎస్తేర్‌కు అనుమానం ఒంట్లో జ్వరంలా స్థిరపడిపోయింది. కూరగాయలమ్మి పొద్దున్నే తెంపిన బెండకాయలంటే ఎవరు చూశారంటుంది. మొగుడు కళ్యాణ్ ఆఫీసులో మీటింగంటే ఎవరెవరున్నారంటుంది. "నేను నీ థీసిస్‌ను కాను తల్లీ, నన్ను ఇడిసిపెట్టు," అన్నాడు పాపం మొన్న. గైడు ఉమాపతి సార్ అయితే మొదటి నుంచీ ఒకటే పాట. "మనిషి చెప్పిన మాటకు ఆ మనిషే ఆధారమంటే ఎలాగమ్మా? అబ్బయ్య గారి అధ్యాయానికి బయటి ఆధారం ఒక్కటి తీసుకురా. లేకపోతే తీసేయ్." తీసేస్తే ఏం మిగులుతుంది థీసిస్‌లో? బ్యాండులో మిగతావాళ్ళంతా ఊళ్ళు వదిలిపోయినవాళ్ళు, చచ్చిపోయినవాళ్ళు. బతికున్నది తాత ఒక్కడే. బతికున్నాడనడం నిన్నటి మాట.

ఆ ఒక్క ఆధారం కోసమే కదా బోడుప్పల్ పోయింది. కొత్త అపార్టుమెంట్లో నాలుగో అంతస్తు, మరియా ఆంటీ, ఆ బ్యాండులో పియానో వాయించినాయన కూతురు. టీ ఇచ్చింది, కేకు ఇచ్చింది, అబ్బయ్య పేరెత్తగానే కనుబొమలు ముడిచింది. "అబ్బయ్యా? ట్రంపెటా? ఏమోనమ్మా, అప్పుడు నేను చిన్నపిల్లను. సోడాలు తెచ్చే అతనొకడు ఉండేవాడు, పేరు అట్లాంటిదే." ఆ మాటతో ఎస్తేర్ కేకు పక్కన పెట్టేసింది. తర్వాత ఆంటీ ఫొటో చూపించింది. స్టేజీ మీద బ్యాండు, సూట్లు, నెక్‌టైలు, పియానో ముందు వాళ్ళ నాన్న. ట్రంపెట్ ఊదే మనిషీ ఉన్నాడు, లేకేం? బూర సరిగ్గా కెమెరా వైపే ఎత్తి ఊదుతున్నాడు, ఆ బూర మూతి వెనక ముఖమంతా మాయం. నల్లటి జుట్టు, బూర పట్టుకున్న వేళ్ళు, అంతే. కుడివైపు గోడ పక్కన ట్రే పట్టుకుని ఇంకొకడు, కదిలినట్టున్నాడు, ముఖం అలుక్కుపోయింది. దేవుడు కావాలని పెట్టిన పరీక్షలా ఇద్దరికి ఇద్దరూ ముఖం లేనివాళ్ళే. ఆ ఫొటోను ఫోన్లో తాతకు చూపిస్తే శుక్లాలు కమ్మిన కళ్ళతో చాలాసేపు చూసి, "గీయన్నే నేను," అని వణికే వేలు పెట్టాడు. వేలు పడింది ఇద్దరికీ మధ్య. ఎవరు తాతా, ఈయనా ఆయనా అంటే, కళ్ళు మూసుకుని ప్రభువు చిత్తమన్నాడు. మాట దాటేయాలంటే ప్రభువును అడ్డం పెట్టుకోవడం ఈ గల్లీలో అందరికీ వచ్చు.

ఒకటా రెండా అనుమానాలు. ట్రంపెట్ చూపించు తాతా అంటే మూసీలో ఉంది, పో వెతుక్కో. ఊది వినిపించు అంటే దేవునికి మాటిచ్చిన బిడ్డా, నోట్ల వెట్ట. అంబర్‌పేటలో పెళ్ళి బ్యాండు వాళ్ళను బతిమాలి ఒక బూర అడుక్కొచ్చి ఆయన చేతిలో పెట్టింది ఒకరోజు. పట్టుకున్నాడు. మీటల మీద మూడు వేళ్ళు సరిగ్గానే పెట్టాడు. గోడ పక్కన నిలబడి రోజూ చూసినవాడికి ఆ మాత్రం రాదా? అంగీ కొసతో మూతి తుడిచి, తిరిగిచ్చేశాడు. ఏళ్ళ తరబడి ఊదినవాళ్ళ పై పెదవి మీద ఉంగరంలాంటి గుర్తు ఉంటుందని చదివి, మాట్లాడుతున్నంతసేపూ ఆయన మూతి వైపే చూసింది. ముడతలు తప్ప ఏం కనబడలేదు. పైగా సాక్ష్యం ఏటికేడు బలిసింది. చిన్నప్పుడు విస్కీ ఒక్కటే, తర్వాత బ్రాందీ కలిసింది, తర్వాత జూదం, మొన్న మొన్న కత్తి పట్టుకుని ఒకణ్ణి తరిమాడు కూడా. కృప కొండంత కనబడాలంటే పాపం కొండంత కావాలి మరి. మనిషి తన పుణ్యం గురించి చెప్పుకుంటే నూటొక్క ప్రశ్నలు వేస్తారు, తన పాపం గురించి చెప్పుకుంటే నోరు తెరుచుకుని నమ్ముతారు. సోడాలు మోశాను, ప్రభువు రక్షించాడు అంటే స్తోత్రమని ఎవరంటారు, ఎంత గట్టిగా అంటారు? అలా ఒక చిన్న అబద్ధం మొదట్లో నోరు జారి ఉంటుంది, అందరూ ఏడ్చి వాటేసుకుని ఉంటారు, ఇక వెనక్కి తీసుకునేదెలా? అలా ఆలోచిస్తే ఆయన మీద కోపం కాదు, తన మీదే జాలి వస్తుంది ఎస్తేర్‌కు. ఆయనది అబద్ధమైతే ఆ అబద్ధం మీద ఇల్లు కట్టుకున్నది తను. ఉద్యోగం వదులుకున్నది తను. డిపోలో బస్సు పోగొట్టుకున్నది తను.

అటువైపు స్టేడియం నుంచి హోరు. ఎవడో అవుటయ్యాడో, ఎవడో సిక్సు కొట్టాడో. షామియానా కింద ఆడవాళ్ళు సన్నగా పాట ఎత్తుకున్నారు, చప్పట్లు మెల్లమెల్లగా, ఒకావిడ చప్పట్లు మాత్రం తాళం తప్పి వెనక. పూలదండల వాసన, ఆ వాసన మీదుగా ఎక్కడో ఫ్యాక్టరీ వాసన. శాంసన్ మామ ఇటు తిరుగుతున్నాడు, అటు తిరుగుతున్నాడు, పెట్టె తెచ్చినతని చెవిలో ఏదో అన్నాడు, అతను తల అడ్డంగా ఊపాడు. ఏంది సంగతి? మామ లోపలికి పోయాడు, బయటికొచ్చాడు, తల్లి వైపు చూసి చేత్తో ఏదో అడిగాడు, ఆవిడ నాకేం తెలుసన్నట్టు మొహం తిప్పుకుంది. ఏదో దాస్తున్నారు. ఈ ఇంట్లో మొదటి నుంచీ ఏదో దాస్తూనే ఉన్నారు. తాత భార్య ఎలిజబెత్ అమ్మమ్మనే తీసుకో. ఎస్తేర్ ఎన్నిసార్లు ఫోన్లో రికార్డింగు పెట్టి తాత ముందు కూర్చుందో అన్నిసార్లూ ఆవిడ తేలు కుట్టిన దొంగలా లేచి వంటింట్లోకి పోయింది. మొగుడు గొప్పలు చెబుతుంటే వినలేకే పోయిందంటే కాదనేదెవరు? పెళ్ళానికి తెలియని మొగుడి అబద్ధం ఉంటుందా? ఇదిగో ఇప్పుడు కూడా, తల మీద కొంగు కప్పుకుని, పెట్టె పక్క కుర్చీలో కూర్చుని, పెట్టె వైపు కాక ఎస్తేర్ ఒళ్ళో కాగితం వైపే చూస్తోంది. ఎందుకలా చూడటం? ఏం చదువుతానోనని భయమా?

భయమో ఏమో, వేలితో రమ్మని సైగ చేసింది. ఎస్తేర్ లేచి, కాగితం పట్టుకునే, ఆవిడ వెనక లోపలి గదిలోకి వెళ్ళింది. మంచం మీద దవాఖానా నుంచి తెచ్చిన సామాను, బట్టలు, మందులు, సగం తాగిన ఓఆర్ఎస్ డబ్బా, అన్నీ ఒక కవర్లో.

"మీ తాత పండ్ల సెట్టు దొరుకుతలేదు బిడ్డా. నర్సమ్మ తీసి గీ కవర్లనే ఏసిందంట. నాకు కండ్లు కనబడయి, జర సూడు. మూతి లోపటికి పోయింది, మంది సూస్తరు ఆఖరిపారి."

ఓస్ ఇంతేనా! ఇందుకా మామ అంత రహస్యంగా తిరుగుతున్నది. నవ్వూ సిగ్గూ కలిసి వచ్చాయి ఎస్తేర్‌కు. కవరంతా మంచం మీద బోర్లించింది. దస్తీలో చుట్టి ఉంది. పాతదై పసుపు పట్టిన కట్టుడు పళ్ళు, ముందువి నాలుగే, అటూ ఇటూ పట్టుకోవడానికి తీగ కొక్కేలు. ఆవిడ అరచేతిలో పెడితే బొటనవేలితో మెల్లగా నిమిరింది. ఏదో ఒకటి అనాలి కదా అని, "ముసలితనంల ఎవరికన్న పోతయి కదా అమ్మమ్మా," అంది ఎస్తేర్.

"ముసలితనమా?" ఆవిడ తలెత్తింది. "శాంసన్ గాడు కడుపుల ఉండె నాకు. ముప్పై నిండలే ఆయనకు. ముంగటి పండ్లు నాలుగు ఒక్కపారే పోయినయి."

"ఎట్ల?"

"క్లబ్బుల. ఊదుతుండంగనే. ఎవడో తాగి ఎగురుకుంట ఎన్కకు వచ్చి బూరకు తాకిండంట. గది వచ్చి నోట్ల గుద్దుకున్నది. నెత్తురు కారుకుంట ఇంటికొచ్చిండు, బూర మాత్రం సంకల భద్రంగ పెట్టుకొని."

ఎస్తేర్ మంచం మీద కూర్చుండిపోయింది. సోడా మోసేవాడి నోట్లో ట్రంపెట్ ఎందుకుంటుంది? ముందు పళ్ళు నాలుగు, సరిగ్గా పెదవి వెనక, బూర మూతి ఆనేచోట. ఐదేళ్ళు. బోడుప్పల్, ఫొటో, పెదవి మీద గుర్తు కోసం దొంగచూపులు. ఆ పెదవి వెనకే ఉంది ఆధారం, ఆయన నవ్వినప్పుడల్లా కనబడుతూనే ఉంది, ముసలాయన కట్టుడు పళ్ళను ఎవరు చూస్తారు? ఊదాడు! స్టేజీ మీద నిలబడి, జనం ఎగురుతుంటే, అంత దగ్గరగా ఎగురుతుంటే, ఊదాడు తాత. ఆ వెంటే, అలవాటైన జ్వరం కదా, అనుమానం తల ఎత్తింది. మరి పళ్ళు పోయినవాడు ఎలా ఊదుతాడు? ఊదలేడు. ముందు పళ్ళు లేకపోతే పెదవికి ఆసరా లేదు, గాలి నిలవదు, ఏ పుస్తకంలో చూసినా మొదటి పేజీలోనే ఉంటుంది. శాంసన్ మామ పుట్టిన ఏడే ప్రభువు పిలిచిన ఏడు, సాక్ష్యంలో ఎన్నిసార్లు విన్నది! అంటే పళ్ళు పోయాక...

"మరి మూసీల ఇసిరేసుడు?" అని అడిగింది.

"ఏం మూసీ బిడ్డా!" ఆవిడ మంచం కోడు పట్టుకుని పక్కన కూర్చుంది. "సందుగ పెట్టెల దాసుకున్నడు. గీ పండ్లు కట్టించుకున్నది గందుకే. తలుపేసుకొని ఊది సూసేది, పండ్లు ఊడి నోట్లవడేది. మళ్ళ ఊదేది. బూరలకెల్లి ఉత్త గాలి వచ్చేది. ఆరు నెలలు మాట లేదు, ముచ్చట లేదు, అన్నం సుత తినకపోయేది. గప్పుడు పక్కింటోళ్ళు మందిరానికి తోలుకపోయిన్రు. ప్రభువు కోసం ఏం ఇడిసిపెడుతున్నవ్ తమ్మీ అని అడిగిండు అప్పటి పాస్టరు. ఏముందని ఇడిసిపెట్టాలె? బూర ఇడిసిపెడుతున్న అన్నడు. అందరు ఏడ్సిన్రు, పట్టుకున్నరు. గా దినం ఇంటికొచ్చి కడుపు నిండ తిన్నడు. ఇంక నేనేమంట?"

"తాగుడు?"

"వాసన వడకపోయేది ఆయనకు," అని ఆవిడ కొంగులో నవ్వింది. "బూర గా తర్వాత అంబర్‌పేట బ్యాండు మేళమాయనకు ఇచ్చిండు. పెండ్లిండ్ల దినాలల్ల పని ఉందని పోయి, గల్లీ మూలకు నిలవడి వినేటోడు, ఎట్ల ఊదుతున్నరో అని."

పప్పులో కాలేసింది తను. వేసింది ఎక్కడ? ఉమాపతి సార్ చేయగలిగిన పొరపాటు కాదిది, ఇంకో పరిశోధకుడెవరైనా మొదటి రోజే అడిగేవాడు, ఎందుకు మానేశారండీ అని. తను అడగలేదు. పాపాన్ని అనుమానించింది, విస్కీని, కత్తిని, క్లబ్బును, ట్రంపెట్టునే అనుమానించింది, మారుమనస్సును మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. జంపఖానా మీద పెరిగిన పిల్ల కదా, ప్రభువు పిలిచాడంటే పిలిచాడనుకుంది, అక్కడ పెన్ను ఆగదు, అక్కడ ప్రశ్న ఉండదు. ఆయన చెప్పినదాంట్లో నిజమైనది ఆ బూర పాపమొక్కటే. అప్పటికే పోయినదాన్ని దేవునికి ఇచ్చానన్నాడు. పోగొట్టుకున్నానని చెప్పుకోవడం కన్నా ఇచ్చేశానని చెప్పుకోవడం తేలిక, ఎవరికైనా. జీవితమంతా ఆ ఒక్క మాట పట్టుకుని నిలబడ్డాడు. మరి మోసమా అది? ఏమో. అబద్ధం మీద మొదలైన భక్తి చివరికి నిజం కాకుండా ఉంటుందా, తెల్లారుజామున లేచి మోకాళ్ళ మీద ఎన్ని ఏళ్ళు... ఏమో! ఈవిడ మాత్రం ఎందుకిప్పుడు చెబుతోంది? ఐదేళ్ళు వంటింట్లో దాక్కుని, ఇవాళ, పాస్టర్ గారు వచ్చే వేళకు?

"ముందే ఎందుకు చెప్పలే అమ్మమ్మా?"

"నువ్వు ఆయనను అడిగినవ్. నన్ను అడిగినవా?" అంది ఆవిడ. పళ్ళను మళ్ళీ నిమిరి, "ఆయన ముంగట ఎట్ల సెప్పుదు? గా మాట మీదనే బతికిండు గదా. ఇప్పుడు ఆయనకు ఏం తెల్వదు. నువ్వేం రాసినవ్ గా కాగితంల? పాపం అని రాసినవా?"

'పాపపు జీవితమును విడిచి' అని ఉంది కాగితంలో. అందరికీ అలాగే రాస్తారు. ఎస్తేర్ తల ఊపింది.

"పెండ్లయిన కొత్తల నాకోసం ఊదేటోడు బిడ్డా. గీ వాకిట్లనే. అప్పుడు గిన్ని ఇండ్లు లేవు, అన్ని సేన్లే. ఎంత సల్లగుండెనో నా పానం! గంత సక్కటిదాన్ని సైతాను, సైతాను అని ఎన్నిపార్లు అన్నడు, నేను మందిల కూసోని వినుకుంట ఉంటి. కడుపు మండేది. ఎవ్వలతోని చెప్పుకోను?" కట్టుడు పళ్ళు దస్తీలో మళ్ళీ చుట్టి గుప్పిట్లో పెట్టుకుంది. "ఆయన మంచిగ ఊదేటోడని ఒక్కలన్న సెప్పాలె. ఒక్కపారన్న. మట్టిల పెట్టకముందే."

గేటు దగ్గర కారు ఆగిన చప్పుడు. శాంసన్ మామ గుమ్మంలో నిలబడి, తల్లి చేతిలోంచి దస్తీ అందుకుని, హమ్మయ్య అనుకుని, ఎస్తేర్ వైపు తిరిగాడు. "అయ్యగారు వచ్చిన్రు. మూసీ ముచ్చట గట్టిగ సదువమ్మా. కొత్తోళ్ళు మస్తు మంది వచ్చిన్రు, సాక్ష్యం వినాలె వాళ్ళు. నాయిన సాక్ష్యమే మాకు ఆస్తి." ఆ మాట అనేటప్పుడు మామ కళ్ళు నిండాయి. అది కూడా నిజమే. అందులో అనుమానించడానికేం లేదు. తండ్రి పళ్ళు ఎప్పుడు పోయాయో ఈయనకు తెలుసా? తెలిసే ఉండాలి. లేక పుట్టినప్పటి నుంచీ చూసినదాన్ని ఎవరు మాత్రం అడుగుతారు?

మొదటి పాట ఎప్పుడు మొదలైందో, ఎప్పుడైపోయిందో, ఎస్తేర్‌కు తెలియలేదు. మైకు చేతిలోకొచ్చింది. ఎదురుగా పెట్టె, పెట్టెలో తాత, మూతి నిండి, ఇప్పుడిక ఎప్పటి తాతలాగే ఉన్నాడు. ఏం చదవాలి? 'పనిచేసిరి' అని చదివితే ఎవరికీ నొప్పి లేదు, అమ్మమ్మకు తప్ప. మూసీ అని చదివితే మామ సంతోషం, మందిరం సంతోషం, తాత మాట తాతకు దక్కుతుంది. నిజం చదివితే? చచ్చినవాడి చేతిలోంచి ఆయన పట్టుకున్న ఒక్క మాటనూ లాక్కున్నట్టవుతుంది. ఎవరి కోసం లాక్కోవడం, అమ్మమ్మ కోసమా, థీసిస్ కోసమా? తనను తనే నమ్మబుద్ధి కాలేదు. నోరు మాత్రం చదువుకుంటూ పోతోంది, భువనగిరి దగ్గర పల్లెలో జన్మించిరి, తల్లిదండ్రులు ఫలానా, చిన్నతనమందే సికింద్రాబాదు వచ్చి, అంతవరకూ వచ్చి ఆగింది. పాస్టర్ గారు తలెత్తారు. అందరూ ఏడుస్తోందనుకుని ఉంటారు. ఏడుస్తోంది కూడా. కాగితం మడిచి పిడికిట్లో పెట్టుకుంది.

"అబ్బయ్య తాత ట్రంపెట్ ఊదేటోడు," అంది ఎస్తేర్, కాగితం భాష వదిలేసి. "జాజ్ ఊదేటోడు. ఊదుతుండంగ నోటికి దెబ్బ తగిలి ముంగటి పండ్లు పోయినయి. ఎంతో దుఃఖపడ్డడు. గా దుఃఖంతోనే ప్రభువు దగ్గరికి వచ్చిండు. పండ్లు పోకపోతే ఇంకా ఊదుతుండె."

పెట్టె గుయ్యిమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు. శాంసన్ మామ ముఖంలో నెత్తుటి చుక్క లేదు, పాస్టర్ గారి వేలు బైబిల్ పేజీల మధ్య అలాగే ఇరుక్కుని ఉంది, ముందు వరసలో ఒకావిడ పక్కావిడ వైపు చూసింది. అయిపోయింది, తప్పు చేశాను, తాత సాక్ష్యం నా నోటితో నేనే తుడిచేశాను, ఈ గల్లీలో ఇక ఎవరూ నా మొహం చూడరు అనుకుంది ఎస్తేర్. అప్పుడు పెట్టె పక్క కుర్చీలోంచి ఎలిజబెత్ అమ్మమ్మ, ఇన్నేళ్ళుగా మందిరంలో నలుగురిలో నోరు విప్పి ఎరగని మనిషి, లేవకుండానే, పెట్టె అద్దం మీద చెయ్యి వేసి, గట్టిగా అంది.

"మస్తు ఊదేటోడు."

వెనక వరసలోంచి ఎవరో అలవాటు కొద్దీ ఆమెన్ అన్నారు. ఆ వెంట షామియానా అంతా అంది.